పరలోకవిశ్వాసము: పుట్టుక, ప్రామాణ్యము

మరణించిన పిమ్మట జీవుడు కలడా, లేడా యను ప్రశ్న నడుగుటయే నాస్తికత్వమని కొందరు పెద్దలు తలంచుచున్నారు. ఆ పెద్దలకు మేము కఠోపనిషత్తును జ్ఞాపకము చేయుచున్నాము. యముని యింట మూడు రాత్రులు నిరాహారుడై యుండిన నచికేతుడను బాలుడు మూడవ వరముగా నడిగినది ఈ ప్రశ్నయే. యముడు వానిని గద్దింపలేదు. ఈ విషయమున దేవతలకును పూర్వము సందేహము కలిగెనని యొప్పుకొని, ఏనుగులను, గుఱ్ఱములను, బంగారమును, దీర్ఘాయువును ఇచ్చెదను, ఈ యొక్కటి మాత్ర మడుగకుమని బతిమాలెను. బాలుడు మానలేదు. దేవతలకు కలిగిన సందేహము మనుష్యులకు కలుగరాదని ఏ శాస్త్రము చెప్పుచున్నదో మాకు తెలియదు.

న్యాయస్థానములలో వ్యవహారమును విచారించుటకు ముందు వివాదాంశములను విడదీసి వ్రాసికొనుట ఆచారము. విడదీయని వాదము ఎన్ని వాయిదాలు నడిచినను తెగదు. పరలోకమును గూర్చిన వాదము వేల యేండ్లుగా తెగకుండుటకు ఇదియు నొక కారణమని మా యభిప్రాయము. ఇందు మూడు ప్రశ్నలు చిక్కుపడి యున్నవి. ఈ విశ్వాసము మనుష్యులలో ఎట్లు పుట్టినది? అది నిజమా? అది లేనిచో నీతి నిలుచునా? మొదటిదానికి సమాధానము చెప్పి రెండవదానిని గెలిచితిమనుకొనువారు నాస్తికులలో పెక్కండ్రు; మూడవదానిని చూపి రెండవదానిని గెలిచితిమనుకొనువారు ఆస్తికులలో అంతకంటె నెక్కువమంది.

ఈ విశ్వాసము మిక్కిలి ప్రాచీనమైనట్లే తోచుచున్నది. ఇస్రాయేలు దేశమునందలి కఫ్జే గుహలో సుమారు 90,000 సంవత్సరముల క్రిందటి సమాధులు కనుగొనబడినవి. అందొక పిల్లవాని ఱొమ్ముపై జింకకొమ్ములుంచబడి యున్నవి. రష్యాలో సుంగిర్ అనుచోట 30,000 సంవత్సరములు దాటిన సమాధులలో ఒక పురుషుడును ఇద్దరు పిల్లలును కనబడగా, వారిపై మామత్ అను ప్రాచీనగజపు దంతమును చెక్కి చేసిన పూసలు 13,000 కు పైగా లెక్కకు వచ్చినవి. చలికిని ఆకలికిని నిత్యము లోబడియుండిన జనులు అన్ని దినముల కష్టమును మట్టిలో పూడ్చిపెట్టిరి. మన తెలుగునాటను పొలములలో రాళ్ల వలయములను, బండపలకలతో కట్టిన పెట్టెలను చూచి పల్లెజనులు రాక్షసగుళ్లని చెప్పుకొందురు. అవి రాక్షసులవియు కావు, గుళ్లును కావు. ఇనుము వాడుక నేర్చిన కాలమున ఇక్కడ నివసించినవారి సమాధులు. త్రవ్విచూచినచోట్ల ఎముకలతోబాటు కుండలును, ఇనుప పనిముట్లును దొరకినవి.

అయితే ఆ కుండ ఏమి సాక్ష్యమిచ్చుచున్నది? పెట్టినవాడు మృతుడు తినునని నమ్మి పెట్టెనో, తినడని తెలిసియు చేయి యూరకుండక పెట్టెనో, కుండ చెప్పదు. చనిపోయిన బిడ్డ ప్రక్కన ఆటబొమ్మ నుంచి పూడ్చు తల్లిని, ఏ సిద్ధాంతమునుబట్టి యట్లు చేసితివని అడుగువారెవరు? సిద్ధాంతములు పిమ్మట వచ్చినవనియు, విడువలేని చేయి ముందున్నదనియు మేము తలంచుచున్నాము.

1871 లో ఇంగ్లీషు పండితుడగు టైలర్ ఆదిమసంస్కృతిని గూర్చి వ్రాసిన గ్రంథమున స్వప్నమునకు గొప్ప స్థానమిచ్చెను. నిన్న కాటికి మోసిన తండ్రి నేడు కలలో వచ్చి మాటలాడును. దేహము కాలిపోయినది, మాటలాడినవాడెవడు? దేహముకంటె వేఱైనవా డొకడు కలడని ఆదిమమానవుడు నిశ్చయించుకొనెనట. వాదము చక్కగ నున్నది గాని చాలదు. కల యొక్కటియే కారణమైనచో, సంతలో నమ్మివేసిన ఆవు కలలోనికి వచ్చినప్పుడు దానికిని తద్దినము పెట్టవలసి వచ్చెడిది. కలలో వచ్చినవాడు మనము పోగొట్టుకొని యోర్చుకొనలేనివాడగుటచేతనే ఆ కల సాక్ష్యమైనది.

దుఃఖమున పుట్టిన యీ విశ్వాసమునకు న్యాయకాంక్ష రెండవ బలమయ్యెను. ఐగుప్తు దేశమున క్రీస్తుకు పూర్వము 2350 ప్రాంతమున ఉనాస్ అను రాజుయొక్క పిరమిడ్ గోడలపై చెక్కిన మంత్రములు రాజుగారి పరలోకప్రయాణమునకు మాత్రమే యుద్దేశింపబడినవి. కొన్ని శతాబ్దములకు అట్టివి అధికారుల శవపేటికలపైకి దిగినవి. ఇంకను తరువాత, పపైరసు చుట్ట కొనగలిగిన ప్రతివాని ప్రక్కను చేరినవి. అందు మృతుని గుండెను త్రాసున నుంచి సత్యదేవత యీకతో తూచుచున్న చిత్రము కానవచ్చును. రాజులసొత్తుగా నుండిన పరలోకము క్రమముగ తీర్పుజరుగు న్యాయస్థానమైనది. యూదుల ప్రాచీనగ్రంథములలో చచ్చినవారందరు, మంచివారును చెడ్డవారును, షెయోల్ అను నొక్క చీకటిలోనికే పోవుదురు. అక్కడ బహుమానము లేదు, శిక్ష లేదు. క్రీస్తుకు పూర్వము 167 ప్రాంతమున అంతియోకసు రాజు యూదమతాచారములను నిషేధించి, పాటించినవారిని చంపించెను. మృతులు తిరిగి లేతురనియు, కొందరికి నిత్యజీవము, కొందరికి నిత్యావమానము కలుగుననియు స్పష్టముగ చెప్పు దానియేలు గ్రంథము ఆ కాలమునకే చెందినదని పండితులు నిర్ణయించియున్నారు. ధర్మమును విడువని కారణముచేతనే చంపబడినవారికి ధర్మఫలము ఈ లోకమున రాలేదు గదా. కావున మఱియొకచోట రావలెను. పిమ్మటికాలమున దేవాలయపు పెద్దలగు సద్దూకయ్యులు ఈ పునరుత్థానమును నమ్మలేదు. కడుపు నిండినవారికి ఈ లోకమే చాలుననిపించుట వింత కాదు.

మన దేశమున జరిగినదియు కొంతవఱకు నట్టిదే. ఋగ్వేదమున యముడు మొట్టమొదట మరణించి పితృలోకమునకు త్రోవ కనుగొన్నవాడు. పునర్జన్మ సిద్ధాంతము అందు స్పష్టముగ కానరాదు. అది ఉపనిషత్తులలో తేటపడుచున్నది. అక్కడను జారత్కారవుడగు ఆర్తభాగుడు మృతుని గతి యేమని సభలో నడుగగా, యాజ్ఞవల్క్యుడు సభలో చెప్పక, వాని చేయి పట్టుకొని ప్రక్కకు తీసికొనిపోయి కర్మమును గూర్చి మాటలాడెను. శ్వేతకేతుని తండ్రికి పంచాగ్నివిద్య నుపదేశించిన ప్రవాహణుడను క్షత్రియుడు, ఈ విద్య ఇంతకుముందు బ్రాహ్మణులలో లేదని చెప్పినట్లు బృహదారణ్యకమును ఛాందోగ్యమును వ్రాయుచున్నవి. అనాదియని మనవారు చెప్పు సిద్ధాంతము ఒకప్పుడు రహస్యముగను క్రొత్తగను ఉండెనని ఆ గ్రంథములే సాక్ష్యమిచ్చుచున్నవి.

ఇంతమాత్రమున విశ్వాసము అబద్ధమగునా? కాదు. గ్రహములను కనిపెట్టి చూచుటకు జాతకపుపిచ్చి ఎంతయో తోడ్పడినది. కెప్లరు సయితము జాతకములు వ్రాసెను. అంతమాత్రమున అతని గ్రహగతిసూత్రములు అసత్యములు కాలేదు. అయితే పుట్టుక చూపుట వ్యర్థమనియు మేము చెప్పము. విల్లు వ్రాయించుటలో ముఖ్యుడుగ నుండి దానివలన విశేషలాభము పొందువాడు, అందుగల యనుమానమును తానే తొలగింపవలెనని 1959 లో సుప్రీముకోర్టు చెప్పినది. లాభము పొందినాడు గనుక అది కూటపత్రమని ఆ తీర్పున కర్థము కాదు. నిరూపించు భారము వానిపై బరువుగ నుండునని యర్థము. పరలోకవిశ్వాసము మనకు మనమే వ్రాసికొని, మనమే లాభముపొందు విల్లు. ఇంతకంటె నెక్కువ జాగ్రత్తతో పరీక్షింపవలసిన పత్రము వేఱొకటి లేదు.

ఇక సాక్ష్యము. బౌద్ధుల దీఘనికాయమున పాయాసియను నొక పాలకుని కథ యున్నది. మన చదువరులలో ననేకులు దానిని చూచి యుండరు. పరలోకము లేదని వాదించు ఈ పాయాసి, కుమారకస్సపుడను భిక్షువుతో తన పరీక్షలను వివరించెను. చనిపోబోవు బంధువులను, మీరచ్చటికి పోయిన పిమ్మట వచ్చి చెప్పుడని కోరితిని, ఒక్కరును రాలేదు. మరణదండన పడిన దొంగను కుండలో నుంచి, మూతిని తోలుతో మట్టితో మూయించి, చచ్చిన పిమ్మట మెల్లగ తెఱిచి చూచితిని. జీవుడు వెలువడుట కానరాలేదు. బ్రతికియుండగను చచ్చిన పిమ్మటను తూచితిని. శవమే బరువుగ నుండెను. పరీక్షలు క్రూరములే. కాని రెండువేల యేండ్లకు పైబడిన గ్రంథమున ఇట్టి మాటలు వ్రాయబడియుండుట చూచి, ప్రాచ్యులు ప్రశ్నింపక నమ్మువారను మాట ఎవరు చెప్పినను మేము నవ్వుకొందుము. 1907 లో అమెరికాలోని హేవర్‌హిల్ నగరవైద్యుడు మెక్‌డూగల్, చనిపోవుచున్న ఆఱుగురను మంచముతోగూడ తూచి, ఒకనియందు 21 గ్రాములు తగ్గెనని ప్రకటించి లోకమంతటను ప్రసిద్ధుడయ్యెను. తక్కినవారియందు అట్టి ఫలము నిలుకడగ కనబడలేదు. పాయాసికి శవము బరువైనది, మెక్‌డూగలుకు తేలికైనది. ఇద్దరి త్రాసులును జీవుని పట్టలేదు.

పాయాసికి భిక్షువు చెప్పిన సమాధానములు తెలివైనవి. మలకూపమునుండి వెలువడి స్నానముచేసి పూలదండలు ధరించినవాడు తిరిగి అందు దిగునా? అట్లే స్వర్గమునకు పోయినవాడును తిరిగి రాడు. ఉపమానము రమ్యము. అయినను సాక్షి యేల రాలేదో చెప్పుట వేఱు, సాక్ష్యము తెచ్చుట వేఱు. సమన్లు అందని సాక్షి మన పక్షమున చెప్పియుండునని ఊహించి ఏ న్యాయాధిపతియు డిక్రీ యియ్యడు.

ఇటీవలివారు సాక్ష్యము తెచ్చుటకు ప్రయత్నించిరి. 1848 లో న్యూయార్కు రాష్ట్రమున ఫాక్స్ సోదరీమణుల యింట వినబడిన తట్టుడు చప్పుళ్లతో ప్రేతసంభాషణమను నుద్యమము లేచినది; ఆ చప్పుళ్లు కాలివ్రేళ్ల కీళ్లతో చేసినవని వారిలో మార్గరెటు 1888 లో బహిరంగముగ ఒప్పుకొనెను. తరువాత ఆమె ఆ యొప్పుకోలును వెనుకకు తీసికొన్నను, ఎట్లు చేసినదో జనులు కన్నులార చూచియుండిరి. దీనికంటె గౌరవముగ విచారింపదగినవి పూర్వజన్మస్మృతులు. 1935 లో ఢిల్లీ బాలికయగు శాంతిదేవిని మథురకు తీసికొనిపోయి విచారించిన వృత్తాంతము చాలమంది యెఱిగినదే. వర్జీనియా విశ్వవిద్యాలయపు స్టీవెన్సను ఇట్టివానిని వందలకొలది సేకరించి, 1966 లో ఇరువదింటిని ప్రకటించెను. అతడు నిజాయితీపరుడు, ఇవి పునర్జన్మను సూచించుచున్నవనెనే గాని నిరూపించుచున్నవని చెప్పలేదు. మాకు తోచు చిక్కు ఇది. చాల సందర్భములలో విచారణకర్త వచ్చునప్పటికే రెండు కుటుంబములును కలిసికొని మాటలాడుకొని యుండును. పిల్ల మొదట నేమనెను, విన్నవారు పిమ్మట నేమి చేర్చిరి యనునది వేఱుచేయుట, సంవత్సరము గడచిన సరిహద్దు తగాదాలోనే యెంత కష్టమో మా వృత్తివారెఱుగుదురు.

గుండె ఆగి బ్రతికినవారు చెప్పు అనుభవములును అట్టివే. 2014 లో సామ్ పర్నియా యను వైద్యుడును సహచరులును ప్రకటించిన పరిశోధనయందు 2,060 గుండె ఆగిన సందర్భములను పరిశీలించిరి. పైకప్పునుండి మాత్రమే కనబడునట్లు చిత్రములను కొన్ని గదులలో ఎత్తైన పలకలపై నుంచిరి. దేహమును విడిచి పైకి తేలినవాడు వానిని చూడవలెను గదా. చూచిన, వినిన సంగతులు స్పష్టముగ చెప్పగలిగినవా రిద్దరే తేలిరి. ఆ యిద్దరును చిత్రములు లేని చోటులలోనే యుండిరి.

ఎదుటిపక్షమున మాత్రము బలమైన సాక్ష్యము ఇంటింటను కలదు. వార్ధక్యమున మెదడు క్షీణించి, కన్నబిడ్డ పేరు మఱచి, ఎదుట నిలిచినవానిని నీవెవరవని యడుగు తల్లులు ఎందఱు లేరు? మెదడులో కొంతభాగము చెడినంతనే జ్ఞాపకము పోవుచుండగా, మెదడంతయు భస్మమైన పిమ్మట అది యెట్లు నిలుచును? అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్సు 1897 లో హార్వర్డునందు చేసిన యుపన్యాసమున దీనికి సమాధానము చెప్ప ప్రయత్నించెను. మెదడు వెలుగును పుట్టించు దీపము కాక, వెలుగును లోనికి పంపు రంగుటద్దమువంటిది కావచ్చును. అద్దము పగిలినను వెలుగు పోదు. ఇది అసాధ్యమని మేము చెప్పజాలము. కాని మనము ప్రేమించినది ఆ రంగును! జ్ఞాపకము, పేరు, కోపము, నవ్వు అద్దముతో పోయినచో, మిగిలిన వెలుగు ఎవరి తండ్రి? మరణించిన పిమ్మట సంజ్ఞ లేదని యాజ్ఞవల్క్యుడు చెప్పగా మైత్రేయి కలతచెందెనని బృహదారణ్యకము చెప్పుచున్నది. ఆమె కలత న్యాయమైనది.

కావున మా నిర్ణయము: పరలోకము నిరూపింపబడలేదు. లేదనియు నిరూపింపబడలేదు, అయినను భారము కలదనువారిపై నున్నది, ఆ భారమును వారు వహింపలేదు. బ్రహ్మసమాజ పెద్దలలో ననేకులు ఆత్మ నిత్యమని నమ్మినవారే, పునర్జన్మను మాత్రము మతాంగముగ స్వీకరింపలేదు. ఆ నమ్మకమును ఆశగా నిలుపుకొనుటకు మాకేమియు నాక్షేపణ లేదు. ఆశను ఆధారముగా చూపి ఇతరులపై హక్కును పొందగోరినప్పుడే మాకు ఆక్షేపణ.

పరలోకభయము లేనిచో నీతి నిలువదను వాదమునకు ప్రత్యుత్తరము మా వృత్తిచరిత్రయందే కలదు. ఇంగ్లండున ఒకప్పుడు దైవదండనను నమ్మనివాని సాక్ష్యము చెల్లకుండెను. కలకత్తా హిందువుల సాక్ష్యము గ్రాహ్యమా యను చర్చ ఒమిచంద్, బార్కరుల వ్యవహారమున 1744 ప్రాంతమున వచ్చినప్పుడు, వారును దేవుని, అసత్యమునకు దేవుడు విధించు శిక్షను నమ్మువారే గనుక గ్రాహ్యమని తీర్మానించిరి. 1869 లో అక్కడ నాస్తికులకును ప్రమాణమునకు బదులు సత్యవచనముతో సాక్ష్యమిచ్చు హక్కు కలిగెను. మన దేశమున 1873 నాటి చట్టమును, 1969 నాటి చట్టమును అట్టి వీలు కల్పించినవి. దేవునిపై ప్రమాణము చేసి బొంకినవారిని, చేయక నిజము చెప్పినవారిని మేము సమముగ చూచియున్నాము. ఎదుటిన్యాయవాది ప్రశ్నకు భయపడినంతగా నరకమునకు భయపడు సాక్షి మాకు కానరాలేదు.

మరణవాఙ్మూలపు కథ ఇంకను విచిత్రము. చావు ఎదుటనున్నవాడు బొంకు నోట నుంచుకొని సృష్టికర్త నెదుర్కొనడను నమ్మకముపై ఇంగ్లండులో ఆ నియమము పుట్టినది. చెప్పినవానికి తాను చచ్చుచున్నానను నిశ్చయముండవలెను. 1872 లో మన సాక్ష్యచట్టమును రచించిన స్టీఫెను ఆ షరతును తీసివేసెను. పంజాబున చావబోవువారు పగతీర్చుకొనుటకై శత్రువులపేరు చెప్పుట కలదని అతడే తన గ్రంథమున వ్రాసెను. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునందును వాఙ్మూలము నిలిచినది, ఆ షరతు తిరిగి రాలేదు. నేడు న్యాయస్థానము అడుగునది వానికి స్మృతి యుండెనా, ఎవరైన నేర్పిరా, తక్కిన సాక్ష్యముతో పొసగునా యనియే.

ఇంతవఱకు చెప్పినది పండితవాదము. ఈ విశ్వాసము గాయపరచునది మఱియొకచోట. 1881 డిసెంబరు 11 న రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహమును జరిపించునాటికి, బాలవితంతువుతో జనులు చెప్పుచుండిన మాట యేది? పూర్వజన్మమున నీవు చేసినదానికి ఇది ఫలము, అనుభవింపుమని. ఎనిమిదేండ్ల పిల్లపై నేరము మోపబడినది, నేరమెప్పుడు జరిగెనో, ఏమి జరిగెనో చెప్పరు, సాక్షి లేడు, ముద్దాయికి జ్ఞాపకములేదు, శిక్ష మాత్రము యావజ్జీవము. ఇట్టి యభియోగపత్రమును ఏ మేజిస్ట్రేటైనను విసరికొట్టును. అంటరానివారని ఊరివెలుపల నుంచినవారికిని, కుష్ఠరోగులకును ఈ తీర్పే చదువబడినది. 1957 లో ప్రకటితమైన బుద్ధధర్మగ్రంథమున అంబేద్కరుగారు పూర్వజన్మకర్మవాదమును, పేదల దుఃస్థితికి సమాజము బాధ్యతనుండి తప్పించుకొను నుపాయమని ఖండించుట ఇందుచేతనే. కర్మవాదులు కొందరు, ఇది మనుష్యుని పురుషప్రయత్నమునకు ప్రోత్సహించు సిద్ధాంతమందురు. తన కష్టమును గూర్చి తాను చెప్పుకొన్నచో కావచ్చును. ఇరుగుపొరుగువారి కష్టమును గూర్చి చెప్పినప్పుడు అది ప్రోత్సాహము కాదు, తలుపు మూయుట.

ఆ తలుపు నేటికిని మూయబడుచునే యున్నది. మరణించినవారి కండ్లనుండి తీసిన పారదర్శకపు పొర ఇద్దరు అంధులకు చూపునీయగలదు. దానిని ఆఱు గంటలలోపల తీయవలెను. అవయవదానమునకు 1994 లో చట్టమే వచ్చినది. తెలుగునాట జీవన్‌దాన్ కార్యక్రమము 2013 నుండి నడచుచున్నది. అయినను కండ్లిచ్చినవాడు వచ్చే జన్మమున గ్రుడ్డివాడై పుట్టునని చెప్పి చేయి వెనుకకు తీయువారు నేటికిని కలరు. శ్రీకాళహస్తిలో లింగమునకు తన కన్ను పెఱికియిచ్చి, రెండవకంటికిని సిద్ధపడిన తిన్నని కథను పిల్లలకు చెప్పు దేశమిది! తన వెన్నెముకను దేవతలకిచ్చిన దధీచి మరుజన్మమున వెన్ను లేక పుట్టెనని ఏ పురాణమును వ్రాయలేదు.

ఆ యాఱు గంటలలో ఏ యింటను తత్త్వవిచారణ జరుగదు. ఏడ్చువారుందురు, పురోహితునికి కబురంపువారుందురు, కట్టెలకు పోవువారుందురు. కండ్ల మాట యెత్తిన కుఱ్ఱవానిని పెద్దలు కసరుదురు. కావున మా చదువరులలో ఇంటిపెద్దలగువారు, బ్రతికి ఆరోగ్యముగ నున్నప్పుడే, భార్యాబిడ్డల నెదుట కూర్చుండబెట్టుకొని తమ కండ్లను గూర్చి తమ యిష్టమును స్పష్టముగ చెప్పి, కాగితముపై వ్రాసి, ఇంటిలో నందరికి తెలిసిన చోట నుంచవలెనని ప్రార్థించుచున్నాము.